ఫోన్లలో దాగిన పేజీ

మెట్ల మలుపు తిరగకముందే, షాపు నుంచి ఇంటికొస్తున్న లాండ్రీ అక్కకి దగ్గు వినపడింది. మామూలు దగ్గు కాదది. లోపల ఏదో పట్టేసి, బయటికి రాక, లోపలికి పోక, మనిషిని కుదిపేస్తున్న దగ్గు. చేతిలో ఉన్న సంచీ అక్కడే పడేసి మిగతా మెట్లు గబగబా ఎక్కింది.

ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మం బయట అత్తగారు గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. నీళ్ళు ధారలు కడుతున్నాయి. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని రెండో చెయ్యి గాల్లో ఊపుతోంది, లోపలికి పోవద్దన్నట్టు.

"అత్తయ్యా! ఏమైంది? పడ్డారా?"

"బాత్రూమ్... పోకు... ఘాటు..." అని మళ్ళీ దగ్గులో పడింది ఆవిడ.

అప్పటికే ఆ వాసన అక్క ముక్కుకి తగిలింది. తగలగానే పై ప్రాణాలు పైనే పోయాయి. బట్టలుతికేవాళ్ళెవరూ మర్చిపోలేని వాసన అది. పెళ్ళికి ముందు తను పనిచేసిన పెద్ద లాండ్రీలో ఒకసారి ఆ వాసన వచ్చింది. ఆ రోజు ఒక మనిషిని నలుగురు మోసుకుని బయటికి పరిగెత్తారు. ఆ మనిషి మళ్ళీ పనిలోకి రాలేదు. ఎక్కడున్నాడని ఎవరూ అడగలేదు కూడా.

అక్క ఊపిరి బిగబట్టి లోపలికి పోయి, హాల్లో కిటికీలు రెండూ తోసేసి, బాత్రూమ్ తలుపు దగ్గరికి కూడా వెళ్ళకుండా వెనక్కి వచ్చేసింది. అత్తగారి చంకలో చెయ్యేసి లేపి, సగం నడిపించి సగం మోసి, కిందికి దించింది. వీధి చివర డాక్టరు ఆవిడ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం తగిలించాడు.

"ఏం కలిపారు?" అనడిగాడు.

"బ్లీచి, వెనిగరు," అంది అత్తగారు, గొంతు పెగుల్చుకుని.

డాక్టరు అక్కవైపు చూశాడు. "పెద్దావిడ గట్టి మనిషి, లేచి బయటికి వచ్చింది. రాలేకపోయి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు. తలుపు మూసిన గదిలో ఆ గాలి అట్టే సేపు పీల్చలేరమ్మా, అందులోనూ చిన్నపిల్లలూ పెద్దవాళ్ళూ."

ఆయన అటు వెళ్ళాక అక్క స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఎవరు చెప్పారు అత్తయ్యా మీకు ఆ రెండూ కలపమని?"

అత్తగారు ఒక కన్ను తెరిచింది. "ఎవరు చెప్తారు? నువ్వే."

"నేనా!"

"నీ బ్లాగు. లోకంలో అందరి దుప్పట్లూ మల్లెపూవుల్లా చేస్తావు. మనింటి దిండు గలీబులు చూస్తే చేతులు కడుక్కోవాలనిపిస్తుంది. నువ్వొచ్చేసరికి తెల్లగా చేసి చూపిద్దామనుకున్నా. నీ పేజీ చూసుకుంటూ, నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశానమ్మా. ఒక్క ముక్క నా సొంతం లేదు."

అక్క అత్తగారి ఫోను తీసుకుంది. పేజీ ఇంకా తెరిచే ఉంది. పైన పేర్చిన తెల్ల దుప్పట్ల ఫోటో. దాని కింద తన మాటలు.

ఆ బ్లాగు పుట్టి చాలా ఏళ్ళయింది. షాపుకి వచ్చినవాళ్ళందరూ అవే ప్రశ్నలు అడుగుతుంటే, "వదినా, ఒక్కసారి రాసి పడేస్తే రోజూ గొంతు చించుకోనక్కర్లేదు" అని కంప్యూటర్ పనిచేసే మరిది పెట్టించాడు. సిరా మరకకి ఒకటి, నూనె మరకకి ఒకటి, తుప్పు మరకకి ఒకటి. ఏడాదికి ఒకటో రెండో రాస్తుంది, అదీ షాపులో పని లేనప్పుడు. అన్నిటికంటే ఎక్కువమంది చూసేది ఇదే, పసుపుబారిన తెల్లబట్టల పేజీ.

అక్క తన మాటలు తనే చదువుకుంది. 'బ్లీచి కలిపిన నీళ్ళలో నానబెట్టండి. పసుపు వదిలాక వెనిగరు పట్టించండి. బట్టకి మెరుపొస్తుంది, బ్లీచి వాసన పోతుంది.'

మళ్ళీ చదివింది. మూడోసారి చదవబోయి ఆగిపోయింది.

షాపు వెనక గదిలో మూడు సిమెంటు తొట్లు వరసగా ఉంటాయి. మొదటిది బ్లీచిది. మధ్యది ఉత్త నీళ్ళది, కుళాయి ఎప్పుడూ వదిలే ఉంటుంది. మూడోది వెనిగరుది. మొదటి తొట్టిలోంచి బట్ట తీస్తే, మధ్య తొట్టిలో పడకుండా మూడో దాంట్లోకి పోయే దారే లేదు. గది అంత ఇరుకు. కొత్తగా చేరిన పనిమనిషికి కూడా 'నీళ్ళలో జాడించు' అని ఎవరూ చెప్పరు, తొట్టే చెప్తుంది. ఇన్నేళ్ళలో అక్క ఒక్కసారి కూడా దాన్నొక పనిగా అనుకోలేదు. ఊపిరి పీల్చడం ఒక పని అని ఎవరనుకుంటారు? అందుకే రాసేటప్పుడు కూడా దాన్ని రాయలేదు.

"అత్తయ్యా, మీరు వెనిగరు ఎక్కడ పోశారు?"

"ఎక్కడ పోస్తానే? బకెట్లోనే. మనకున్నది ఒక్కటేగా."

ఇంటికి వచ్చి, వాసన పూర్తిగా పోయిందని నమ్మకం కుదిరాక, అత్తగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, అక్క చేసిన మొదటి పని ఆ పేజీ దిద్దడం. 'బ్లీచి నీళ్ళు పూర్తిగా పారబోయండి. బట్టని మంచి నీళ్ళలో వాసన పోయేదాకా జాడించండి. రెండూ ఒక బకెట్లో కలిస్తే ప్రాణం పోతుంది' అని పెద్దక్షరాలతో పైనే పెట్టింది. పెట్టి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"ఏదీ, ఇప్పుడు చూడండి మీ ఫోన్లో."

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని పేజీ తెరిచింది. "అదే ఉంది."

"ఏది?"

"ఇందాకటిదే. 'వెనిగరు పట్టించండి.' నీ పెద్దక్షరాలూ లేవు, చిన్నక్షరాలూ లేవు."

మూసి తెరిచింది. అదే. అక్క తన ఫోన్లో తెరిచింది. అదే పాత పేజీ, ఇప్పుడే చెరిపేసిన మాటలు చెక్కుచెదరకుండా. ఎవరో వెనక నిలబడి తను తుడిచింది తుడిచినట్టు మళ్ళీ రాస్తున్నట్టు అనిపించింది.

మరిదికి ఫోన్ చేసింది. జరిగింది చెప్పేసరికి "అమ్మ ఎలా ఉంది?" అని అతను మూడుసార్లు అడిగాడు. తర్వాత, "వదినా, వస్తున్నా. ఫోన్లో చెప్పేది కాదు," అన్నాడు.

ఆఫీసు సగంలో వదిలేసి వచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలోనే ఏదో ఒక వేళాకోళం ఆడేవాడు, ఇవాళ తల్లి పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"చచ్చిపోలేదులేరా," అంది అత్తగారు. "నీ వదిన మాట విని ఆ మాత్రం బతికాను. మొగుడి మాట విని ఉంటే ఎప్పుడో పోయేదాన్ని."

"అమ్మా, ఊరుకో." అక్కవైపు తిరిగాడు. "తప్పు నాది కూడా వదినా. నీ బ్లాగు పాత ఫోన్లలో నత్తలా వస్తోందని అన్నావు గుర్తుందా?"

"ఆఁ. తర్వాత బాణంలా పరిగెడుతోందని నిన్ను మెచ్చుకున్నాను కూడా."

"ఎందుకు పరిగెడుతోందో చెప్తా విను. ఒకసారి నీ పేజీ చూసిన ఫోను దాన్ని తనలో దాచుకుంటుంది. కాష్ అంటాం. మళ్ళీ తెరిస్తే మన దాకా రాదు, తన దగ్గర ఉన్నదే తీసి చూపిస్తుంది. ఎన్నాళ్ళు దాచుకోవచ్చో గడువు మనమే చెప్పాలి. రోజూ మారే బ్లాగైతే చిన్న గడువు పెడతారు. నువ్వేమో ఏడాదికోసారి రాస్తావు, రాసింది మార్చవు. అందుకని..." ఆగాడు.

"అందుకని?"

"ఏడాది పెట్టాను."

అత్తగారే ముందు తేరుకుంది.

"ఏడాదా! ఏడాదిపాటు నిలవ ఉంచడానికి అదేమన్నా సబ్బు బిళ్ళా?"

"ఇప్పుడు మార్చెయ్," అంది అక్క. "రోజు పెట్టు. గంట పెట్టు. అసలు దాచుకోవద్దని పెట్టు."

"పెట్టేశా, దారిలోనే. ఇకమీద కొత్తగా చూసేవాళ్ళకి కొత్తదే వస్తుంది. ప్రతిసారీ మనల్ని అడిగి గాని చూపించదు." అతను నుదురు రుద్దుకున్నాడు. "కానీ వదినా, ముందే చూసినవాళ్ళ ఫోన్లకి ఏడాది అని చెప్పేశాం. ఆ ఫోన్లు మళ్ళీ మన గుమ్మం తొక్కవు. గడువు మారిందని వాటికి చెప్పాలన్నా అవి మన దగ్గరికి రావాలిగా. రిఫ్రెష్ నొక్కితే వస్తాయి, కానీ పేజీ చక్కగా కనిపిస్తుంటే ఎవరు నొక్కుతారు?"

"ఎంతమంది?"

"ఎవరి ఫోన్లో ఉందో మనకి తెలియదు. ఎవరని వెతుకుతాం?"

పొరపాటున ఒకరి బట్టలు ఇంకొకరికి ఇచ్చేస్తే, వెనకాలే పరిగెత్తి సంచీ లాక్కుని రావచ్చు. ఇది ఎవరి వెనకాల పరిగెత్తాలి? ఏ వీధిలో, ఏ మేడ మీద, తలుపేసుకున్న ఏ బాత్రూమ్‌లో ఎవరు బకెట్టు ముందు కూర్చుని తన మాటలు చదువుకుంటున్నారో!

"కింద ఎవరన్నా ఏమన్నా రాశారేమో చూడు," అంది. పేజీ అడుగున చదివినవాళ్ళు తమ మాటలు రాసుకునే చోటు ఉంది. 'థాంక్స్ అక్కా', 'మా ఆయన చొక్కా కొత్తదానిలా అయింది' లాంటివి. వారాల తరబడి అటు చూడదు తను.

మరిది వేలితో పైకి జరుపుతూ పోయి, ఒకచోట ఆపాడు. అతని మొహం చూసి అక్క ఫోను లాక్కుంది.

రాసింది 'చంటిదాని అమ్మ' అట. ఇవాళ పొద్దున రాసింది.

'అక్కా, మావారు ఇప్పుడే పనికి వెళ్ళారు, ఖాళీ దొరికి రాస్తున్నా. మీ పేజీ ఎన్నాళ్ళనుంచో చూస్తుంటాను. మా చంటిదాని గుడ్డలన్నీ పసుపుబారిపోయాయి. ఇవాళ బ్లీచి, వెనిగరు తెప్పించుకుంటాను. రేపు ఈయన వెళ్ళగానే మొదలుపెడతాను. చంటిది నన్నొక్క నిమిషం వదలదు, బాత్రూమ్‌లోనే పక్కన కూర్చోబెట్టుకుని చేస్తాను. వాసన ఇల్లంతా పాకకుండా తలుపు వేసుకుంటాలెండి. చెప్పాలనిపించి చెప్పాను.'

డాక్టరు మాట చెవిలో మోగింది. తలుపు మూసిన గది. చిన్నపిల్లలు.

"ఈ అమ్మాయి ఎవరు? ఎక్కడుంటుంది? ఫోన్ నంబరు ఉందా?"

"ఏమీ ఇవ్వలేదు వదినా. పేరు కూడా ఇదే."

"కింద జవాబు రాయి. రాస్తే కనిపిస్తుందా, లేక అది కూడా ఏడాదేనా?"

"లేదు లేదు, ఈ మాటలు వేరే చోటినుంచి వస్తాయి, ఎప్పటికప్పుడు తాజాగానే." అతను అప్పటికే టైపు చేస్తున్నాడు. 'చెయ్యొద్దు, ప్రాణం పోతుంది' అని. పంపించాక తల ఎత్తాడు. "కానీ కిందిదాకా వస్తుందో లేదో. మొదట్లోనే చేసే విధానం ఉంది. చదివి ఆపేస్తారు."

"అంతే," అంది అత్తగారు. "నేనెప్పుడన్నా కిందికి వెళ్ళానా? రెండు ముక్కలు చదివి బకెట్టు దగ్గరికి పోయాను."

అక్క లేచి గదిలో అటూ ఇటూ తిరిగింది. ఎటు తిరిగినా ఆ బాత్రూమే కళ్ళకి కడుతోంది. తను ఎన్నడూ చూడని బాత్రూమ్. తడి నేల మీద కూర్చున్న పిల్ల.

"ఆ పాత పేజీలో," అంది ఉన్నట్టుండి, "మన దగ్గరినుంచి తెచ్చుకునేది ఇంకేమీ లేదా? అంతా దాచేసుకుందా? అక్షరాలు, రంగులు, ఫోటో?"

మరిది చేతిలో ఫోను కిందికి దిగింది. "ఫోటో!" అన్నాడు.

"ఏమిటి?"

"ఫోటోకి ఏడాది లేదు వదినా. నువ్వు రాత మార్చవు గానీ ఫోటోల్ని ఒకచోట ఉండనిస్తావా? ఈ దుప్పట్ల ఫోటో ఎన్నిసార్లు తీయించావు! వెలుతురు బాలేదని ఒకసారి, మడత వంకరగా ఉందని ఒకసారి. నీ పోరు పడలేక ఫోటోలకి మాత్రం ఒక్క రోజే గడువు పెట్టాను. లోకమంతా తిరగేసి పెడతారు, రాతకి చిన్న గడువు, ఫోటోకి పెద్దది. నేను నీకోసం అలా పెట్టాను." "పాత పేజీ ఎవరి ఫోన్లో ఉన్నా సరే, ఫోటో మాత్రం రోజుకోసారి మన దగ్గరికే వచ్చి అడగాలి."

"అయితే ఫోటో మారుద్దాం."

"అదే పేరుతో పెట్టాలి. పేరు మారితే పాత పేజీ దాన్ని అడగదు."

"సరే, రాసిచ్చేస్తా. 'కలపకండి' అని పెద్ద కాగితం మీద..."

"రాస్తే ఎవరు చదువుతారే?" అంది అత్తగారు. "చదివేవాళ్ళే అయితే ఇంత గొడవ ఎందుకు? నా మొహం పెట్టండి."

ఇద్దరూ ఆవిడవైపు తిరిగారు. కళ్ళు ఇంకా ఎర్రగా వాచే ఉన్నాయి. ముక్కు కింద తోలు లేచిపోయింది. జుట్టు పీచులా రేగి ఉంది.

"ఏం చూస్తారు? నన్ను చూస్తే మీకే భయమేస్తోంది కదా. ఆ పిల్లకి మాత్రం వెయ్యదా?"

మరిది నవ్వబోయి ఏడుపు మొహం పెట్టాడు. "తల దువ్వుకోనీ అమ్మా, కనీసం."

"దువ్వితే ఎందుకిక? పెళ్ళిచూపులా?"

అక్క షాపుకి పరిగెత్తి, బట్టల మీద గుర్తులు వేసే సిరా తెచ్చింది. ఉతికినా పోని నల్లటి సిరా. పసుపుబారిన దిండు గలీబొకటి నేల మీద పరిచి, దాని మీద రాసింది. 'రెండూ కలిపితే విషం. ఆగండి.' కింద షాపు నంబరు వేసింది. చిన్న ఫోన్లో కూడా కనపడాలని ఒక్కో అక్షరం జానెడు రాసింది. అత్తగారు ఆ గలీబు గుండెల మీద పట్టుకుని, ఆ చేతిలోనే బ్లీచి సీసా కూడా ఇరికించుకుని, రెండో అరచెయ్యి ముందుకు చాచి, కళ్ళు తెరవలేక తెరవలేక తెరిచి, ఫోనులోకి చూసింది. మరిది ఫోటో తీసి, దుప్పట్ల ఫోటో పేరే దానికి పెట్టి, దాని స్థానంలో ఎక్కించాడు.

అక్క అత్తగారి ఫోనులో పేజీ తెరిచింది. తెల్ల దుప్పట్లు.

"రాలేదు!"

"అమ్మ ఇవాళ మధ్యాహ్నమే చూసింది కదా. ఆ ఫోటో గడువు రేపు మధ్యాహ్నందాకా ఉంది. నా ఫోను చూడు, నేను తెరిచి నెలలైంది." అతను తెరిచాడు. కింద పాత మాటలే, 'వెనిగరు పట్టించండి' అని. పైన మాత్రం ఎర్రకళ్ళ అత్తగారు అరచెయ్యి చాపి నిలబడింది.

పనిచేస్తోంది. అయినా అక్క ఊపిరి కుదుటపడలేదు.

"ఆ అమ్మాయి ఇవాళ పొద్దున చూసింది. మావారు ఇప్పుడే వెళ్ళారని రాసింది."

"ఊఁ."

"రేపు కూడా ఆయన వెళ్ళగానే చూస్తుంది. అంటే గడువు తీరే వేళకే. ఆయన కాస్త ముందు వెళ్తే?"

ఎక్కడో ఎవరింట్లోనో ఒక మగమనిషి చెప్పుల కోసం కాసేపు వెతుక్కోవాలి, లేదా కబుర్లలో పడి ఆలస్యం చెయ్యాలి. దాని మీద ఉంది ఇప్పుడంతా.

మర్నాడు అక్క షాపు తెరిచింది గానీ చేతులు ఆమెవి కావు. ఇస్త్రీపెట్టె ఒక చొక్కా కాలరు మీద ఆనించి మర్చిపోయింది. వాసన వస్తే గానీ తెలియలేదు. ఇన్నేళ్ళలో బట్ట కాల్చింది లేదు. హోటల్ దుప్పట్ల కోసం వ్యానేసుకుని వెళ్ళిన భర్త ఫోన్ చేస్తే, "లైను ఖాళీగా ఉంచండి, తర్వాత చెప్తా" అని పెట్టేసింది. అత్తగారు ఇంట్లో కూర్చోలేక వచ్చి, షాపు ముందు కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళందరికీ తన దగ్గు వినిపిస్తోంది.

"ఏమైంది పెద్దమ్మా?" అన్నాడు పక్క షాపు తాళాలవాడు.

"కోడలు విషం పెట్టింది," అంది ఆవిడ తాపీగా. "తప్పించుకున్నా."

అక్కకి నవ్వు రాలేదు. పేజీ అడుగున మాటలు చూస్తూనే ఉంది. ఒక కొత్త మాట వచ్చింది. ఆత్రంగా తెరిచింది. 'అక్కా, ఎవరీ ముసలావిడ? పొద్దున్నే తెరిస్తే గుండె ఆగినంత పనైంది' అని ఎవరో రాశారు. అంటే ఫోటో చేరుతోంది. ఎవరికో చేరుతోంది. చేరాల్సినవాళ్ళకి?

ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తబోయి చెయ్యి జారి, మళ్ళీ పట్టుకుంది. "హలో! హలో!"

"నా మేజోడు ఒకటే వచ్చింది," అన్నాడు ఒకాయన. "జతలో రెండోది ఏది?"

"ఇస్తానండి, కొత్తవి కొనిస్తానండి, పెట్టెయ్యండి," అంది అక్క. ఆయనేదో అంటున్నా పెట్టేసింది.

వీధిలో ఎండ గోడ దిగి మెట్ల మీదికి వచ్చింది. పనులకి వెళ్ళేవాళ్ళందరూ వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి భర్త కూడా వెళ్ళిపోయి ఉంటాడు. తలుపు మూసుకుని ఉంటుంది. అక్క వెనక గదిలోకి వెళ్ళి, మధ్య తొట్టి ముందు నిలబడి, పొర్లి పోతున్న నీళ్ళకేసి చూసింది. ఇన్నేళ్ళూ ఈ నీళ్ళే తనని కాపాడాయి. తనకి తెలియకుండా, పేరు కూడా అడక్కుండా. ఆ పిల్లకి ఇవి లేవు.

ఫోన్ మళ్ళీ మోగింది.

"హలో, ఇది... ఆ ఫోటోలో ఉన్న నంబరేనా?" ఆడగొంతు. సన్నగా, ఎగశ్వాసతో.

"అవునమ్మా. ఎవరు?"

"నేనండీ... చంటిదాని అమ్మని. రాశానే నిన్న..."

అక్క తొట్టి గట్టు పట్టుకుంది. "ఎక్కడున్నావ్? పిల్ల ఎక్కడుంది?"

"బయటే ఉన్నామండీ. మెట్ల దగ్గర. నేను ముందే చూశాను పేజీ, అప్పుడు దుప్పట్లే ఉన్నాయి. బ్లీచి పోసి గుడ్డలు వేసేశాను. అవి నానుతుంటే చంటిది పాలకి ఏడిచింది. పట్టేసరికి ఆలస్యమైంది. తర్వాత వెనిగరు ఎంత పొయ్యాలో చూద్దామని మళ్ళీ తెరిస్తే... ఆవిడ. మూత తీసేశానండీ అప్పటికే. సీసా చేతిలోనే ఉంది. ఇప్పటికీ చేతిలోనే ఉంది." "నాకు భయమేస్తోందండీ."

వెనక పిల్ల ఏడుపు వినపడుతోంది. గట్టిగా, కోపంగా, ఊపిరి నిండా తీసుకుని ఏడుస్తున్న ఏడుపు. అక్క గోడకి జారగిలబడి తడి నేల మీదే కూర్చుండిపోయింది. గుమ్మంలో అత్తగారు, దగ్గు మానేసి, నిలబడి చూస్తోంది. అక్క ఆవిడకి తల ఊపింది, ఊపుతూనే ఉంది.

"ఏం కాలేదు. పొయ్యలేదు కదా, ఏం కాలేదు. సీసాకి మూత పెట్టు. పెట్టావా?"

"పెట్టాను. ఆ బకెట్టు అలాగే ఉంది లోపల. దాన్నేం చెయ్యను?"

"ఏముంది, నీళ్ళు ఎక్కువగా పోసి..." అని అలవాటు కొద్దీ మొదలుపెట్టి, చటుక్కున నాలిక కరుచుకుంది అక్క. ఇదే. ఇలాగే చెప్పింది పోయినసారి. ఆ బాత్రూమ్ ఎలా ఉంటుందో తనకేం తెలుసు? కుళాయి ఉందో లేదో, నీళ్ళు వస్తాయో రావో, పారబోస్తే ఎటు పోతాయో, ఆ గచ్చు మీద అంతకుముందు ఇంకేం పోసి ఉందో. ఇలాంటి ఇళ్ళు ఇంకెన్ని ఉన్నాయో, ఎన్ని ఫోన్లలో ఆ రెండు ముక్కలు కూర్చుని ఉన్నాయో. వాళ్ళంతా ఫోన్ చెయ్యరు. పోనీ, ఈ ఒక్కతె చేసింది.

"అమ్మా," అంది నెమ్మదిగా, "నాకు తొందరేమీ లేదు. పిల్లని ఎత్తుకో ముందు. ఎత్తుకుని నీ బాత్రూమ్ ఎలా ఉంటుందో చెప్పు. తలుపు ఎటు తీస్తావు, బకెట్టు ఎక్కడ పెట్టావు, పక్కన ఏమేం ఉన్నాయి. చిన్నదైనా వదలకు. అన్నీ చెప్పు."

కాసేపు ఏడుపు దగ్గరగా వచ్చి, తగ్గి, వెక్కిళ్ళుగా మారింది.

"తలుపు లోపలికి తెరుచుకుంటుందండీ," అని మొదలుపెట్టింది ఆ అమ్మాయి. "తెరవగానే ఎడమవైపు కుళాయి. కానీ ఈ వేళకి నీళ్ళు రావు..."

అక్క కళ్ళు మూసుకుని వింది.